ఢిల్లీలో నాలుగున్నర గంటల గ్యాప్ చాలన్నాడు: విడి టికెట్లు కొనేవాళ్లు జాగ్రత్త

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒక టికెట్, ఢిల్లీ నుంచి లండన్‌కు ఇంకో టికెట్, ఇలా విడివిడిగా కొంటే చవక అని ఎవరైనా ఏజెంటు చెప్తే డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. మేం మనిషికి రూ.11,000 చొప్పున ఐదుగురికి రూ.55,000 మిగిలిందని మురిసిపోయాం. చివరికి అదనంగా పెట్టింది రూ.2.78 లక్షలు. పైగా రెండు రాత్రులు ఢిల్లీలో హోటల్లో పడుకున్నాం.

మాది హన్మకొండ. మా మరిది వాళ్లు లండన్ దగ్గర ఉంటారు. మే నెలలో పిల్లల సెలవులకు వాళ్ల దగ్గర వారం, తర్వాత స్కాట్లాండ్ వైపు వారం అనుకున్నాం. మా ఆయన, నేను, పదమూడేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులతో ఉన్న మా అత్తమ్మ. టికెట్లు మా ఊళ్లోనే, తెలిసినవాళ్లు చెప్పిన ఏజెంటు దగ్గర తీసుకున్నాం. పేరు రాయను, ఫిర్యాదు నడుస్తోంది.

ఆయన చేసిన ఏర్పాటు ఇది. 16వ తేదీ సాయంత్రం 7:30కి శంషాబాద్‌లో ఎక్కి 9:45కి ఢిల్లీలో దిగాలి. లండన్ విమానం 2:20కి. మధ్యలో నాలుగు గంటల ముప్పై అయిదు నిమిషాలు. "ఇంత గ్యాప్ ఉంది మేడమ్, కాఫీలు తాగి బోర్ కొడుతుంది మీకు" అన్నాడు. "బ్యాగులు మళ్లీ తీసుకోవాలా?" అని నేను అడిగిన మాట నాకు బాగా గుర్తు. "లేదు మేడమ్, లండన్ దాకా త్రూ వెళ్లిపోతాయి" అన్నాడు. అడిగితే చెప్పాడు కదా అని నమ్మాను. ఎక్కడా రాయించుకోలేదు.

(2:20 అంటే 17వ తేదీ తెల్లవారుజామున అని మాకు తెలుసు. మా స్కూల్లో ఒక సారు ఇలాంటి టికెట్‌కే మర్నాడు రాత్రి ఎయిర్‌పోర్టుకు వెళ్లి వెనక్కి వచ్చారు. అర్ధరాత్రి దాటిన విమానమైతే క్యాలెండర్‌లో ముందురోజు మీద గుండ్రం చుట్టండి.)

మొదటి దెబ్బ శంషాబాద్‌లోనే తగిలింది. హన్మకొండలో 11 గంటలకే బయల్దేరాం, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి మూడున్నరకల్లా చేరిపోయాం. అక్కడిదాకా మా ప్లాన్‌లో లోపం లేదు. కౌంటర్‌లో మా ఐదు పెట్టెలు తూకం వేస్తే 112 కిలోలు. లండన్ టికెట్ మీద మనిషికి 23 కిలోలు రాసి ఉంది, దాని లెక్కన సర్దుకున్నాం. కానీ ఢిల్లీ వరకు ఉన్నది డొమెస్టిక్ టికెట్, దానికి మనిషికి 15 కిలోలే. అంటే 75. అక్కడే నేల మీద పెట్టెలు విప్పి, తొమ్మిది కిలోలు తీసి, ఇంకా పార్కింగ్‌లోనే ఉన్న డ్రైవర్‌కు ఇచ్చి పంపాం. మిగతా 28 కిలోలకు దాదాపు రూ.16,000 కట్టాం. అత్తమ్మ మాత్రం కొత్తావకాయ డబ్బా ముట్టుకోనివ్వలేదు. నెయ్యి డబ్బా వెనక్కి పోయింది, అదీ మంచికే అయింది. పాల పదార్థాలు, మాంసం మన దగ్గర్నుంచి బ్రిటన్‌లోకి తీసుకెళ్లనివ్వరని తర్వాత మరిది చెప్పాడు.

కౌంటర్‌లో అమ్మాయి బ్యాగులకు ట్యాగులు కడుతుంటే చూశాను, అన్నింటి మీదా ఢిల్లీ అనే ఉంది. "లండన్ దాకా కదా?" అంటే, "మీ రెండో టికెట్ మాకు సంబంధం లేదండీ, ఢిల్లీలో తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి" అంది. మా ఆయన ఏజెంటుకు ఫోన్ చేశారు. "అవునా సార్, అయినా టైం ఉంది కదా" అన్నాడు.

టైం సంగతి చెప్తాను, ఈ పోస్టు రాసేదే దానికోసం. టికెట్ మీద 2:20 అని ఉంటే అది విమానం కదిలే టైం. చెకిన్ కౌంటర్ అంతకు ముందే మూసేస్తారు. చాలా అంతర్జాతీయ విమానాలకు గంట ముందు మూస్తారు. మా టికెట్ కింద చిన్న అక్షరాల్లో 75 నిమిషాలు అని ఉంది. అంటే మా గడువు 2:20 కాదు, 1:05. నాలుగున్నర గంటల గ్యాప్ అక్కడే మూడు గంటల ఇరవై నిమిషాలకు వచ్చింది. అందులోంచి బ్యాగులు బెల్టు మీదికి రావడానికి అరగంటో నలభై నిమిషాలో తీసేయండి. మేం దిగేది టెర్మినల్ 1లో, లండన్ విమానం టెర్మినల్ 3లో. రెండూ ఒకే బిల్డింగు కాదు, బయటికొచ్చి బస్సులోనో ట్యాక్సీలోనో రోడ్డు మీద వెళ్లాలి. ఐదు పెట్టెలు, పెద్దావిడతో దానికి ఇంకో అరగంట. టెర్మినల్ 3 గుమ్మం దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్లు టికెట్, పాస్‌పోర్టు చూసి లోపలికి పంపడానికి మరి కాస్త. ఇవన్నీ పోతే విమానం లేటవడానికి మిగిలేది రెండు గంటల లోపే. ఏజెంటు ఈ లెక్క వేయలేదా, వేసి కూడా చెప్పలేదా అన్నది నాకిప్పటికీ అనుమానమే.

మా విమానం రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు లేటు. ఢిల్లీలో ఆ సాయంత్రం దుమ్ముగాలి, ఆ వెంటే వాన. మే, జూన్‌లలో అక్కడ అది మామూలే, చలికాలంలో పొగమంచు ఎంత మామూలో అంత. శంషాబాద్‌లో బోర్డు మీద టైం మూడుసార్లు మారింది. మారినప్పుడల్లా మా ఆయన మొహం చూడలేకపోయాను.

ఢిల్లీలో దిగేసరికి 12:10. ఆఖరి పెట్టె వచ్చేసరికి 12:48. అత్తమ్మకు వీల్‌చెయిర్ చెప్పి ఉంచాం, అది విమానం దగ్గర్నుంచి టెర్మినల్ 1 గుమ్మం వరకే. టెర్మినల్ 3లో రెండో సంస్థ వాళ్ల వీల్‌చెయిర్ కోసం మళ్లీ అడగాలి, మళ్లీ ఆగాలి. ఆ వాన నీళ్లలో ఇన్ని పెట్టెలకు పెద్ద ట్యాక్సీ దొరికి అక్కడికి చేరి, లోపల కౌంటర్ ముందు నిలబడేసరికి 1:24. కౌంటర్‌లో లైట్లు వెలుగుతున్నాయి, మనుషులూ ఉన్నారు. మూసేశామన్నారు. విమానం ఇంకో గంట అక్కడే ఉంటుంది, మమ్మల్ని మాత్రం ఎక్కించరు. మా ఆయన గొంతు పెంచారు, పాప ఏడ్చింది. వాళ్ల తప్పు లేదని ఇప్పుడు చెప్పగలను, అప్పుడు మాత్రం చాలా మాటలన్నాం.

మొదటి విమానం లేటయింది కాబట్టి ఆ సంస్థ ఏదో చేయాలి కదా అని మీరు అనుకోవచ్చు. మేమూ అదే అనుకున్నాం. ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద రెండు విమానాలూ ఉంటే మొదటిది లేటై రెండోది తప్పిపోతే తర్వాతి విమానంలో పంపే బాధ్యత వాళ్లది. విడి టికెట్లయితే మొదటివాళ్లు "మిమ్మల్ని ఢిల్లీ చేర్చాం" అంటారు, రెండోవాళ్లు "మీరు రాలేదు" అంటారు. రికార్డులో మీ పేరు పక్కన నో షో అని పడుతుంది. అప్పుడు జరిగే ఇంకో సంగతి చాలామందికి తెలియదు: వెళ్లే విమానం ఎక్కకపోతే అదే టికెట్‌లోని తిరుగు ప్రయాణం కూడా దానంతటదే రద్దవుతుంది.

ఆ రాత్రి మాకు కాస్త మేలు చేసింది అదే కౌంటర్‌లోని ఒక పెద్దావిడ. "విమానం ఇంకా లేవలేదు. ఇక్కడ గొడవపడి టైం పోగొట్టుకోకండి, ఇప్పుడే మా కాల్ సెంటర్‌కు చేసి తేదీ మార్చమనండి. లేచాక నో షో, ముందైతే మార్పు" అని హిందీలో చెప్పింది. అన్ని టికెట్లకూ ఇది కుదరదు, కొన్నింటికి చాలా గంటల ముందే చెప్పాలి. అయినా అడగడంలో పోయేదేం లేదు. మా ఆయన టికెట్, నాది అలాగే నిలిచాయి. ఇద్దరికీ తేదీ మార్చే ఛార్జీ, టికెట్ ధరలో తేడా కలిపి రూ.38,000 అయింది.

మా ఇద్దరిదే ఎందుకు నిలిచిందంటే, అప్పుడు బయటపడింది ఏజెంటు చేసిన అసలు పని. ఐదుగురికీ ఒకే పీఎన్‌ఆర్ అనుకున్నాం. కాదు. మా ఇద్దరిది ఒకటి, అత్తమ్మ, పిల్లలిద్దరిది ఇంకొకటి. ఆ రెండోది ఏదో గ్రూప్ ఫేర్, దాన్ని మార్చాలన్నా రద్దు చేయాలన్నా ఏజెంటు ద్వారానే అన్నారు. రాత్రి ఒకటిన్నరకు ఆయన ఫోన్ స్విచాఫ్. పదిహేను సార్లు చేశాం. 2:20 దాటింది. ఆ మూడు టికెట్లు రానూపోనూ పోయాయి. మర్నాడు వాటికి కొత్తగా రూ.2.10 లక్షలు కట్టాం. మే నెల, అప్పటికప్పుడు కొంటే అంతే మరి.

పీఎన్‌ఆర్ విడగొడితే డబ్బే కాదు, ఇంకో చిక్కు కూడా ఉంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల్లోనో, తోడు వచ్చిన పెద్దవాళ్లలోనో ఒకరి పక్కన సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ (మన విమానయాన నియంత్రణ సంస్థ) విమాన సంస్థలకు చెప్పింది. కానీ అది ఒకే పీఎన్‌ఆర్ మీద ఉన్నవాళ్లకు. మా పాప మొదట బుక్ చేసిన టికెట్ ప్రకారం మాకు పదహారు వరుసల వెనక ఉంది. వెబ్ చెకిన్ తనే చేశానని ఏజెంటు గొప్పగా చెప్పాడు, ఆ సీట్లు చూపించమని మేం అడగలేదు.

హోటల్లో రెండు రాత్రులు గడిచాక మేం టెర్మినల్ 3కి రాత్రి 9:30కే వెళ్లి కూర్చున్నాం. భయం అలాంటిది మరి. ఈసారి వాచీ చూసుకుంటూ లెక్క రాసుకున్నాను. కౌంటర్ తెరిచాక లైను, పాస్‌పోర్టు, వీసా చూడటం, బ్యాగులు వేయడం కలిపి 55 నిమిషాలు. వెబ్ చెకిన్ అయిపోయినా ఈ లైను తప్పలేదు, వీసా కాగితాలు కౌంటర్‌లో చూడాల్సిందే. ఇమిగ్రేషన్ 40. సెక్యూరిటీ 25, అందులో అత్తమ్మ చేతి సంచిలోంచి సగం తాగిన దగ్గుమందు సీసా, నూనె సీసా బయటికి తీయడం కూడా ఉంది. గేటు దాకా నడక పావుగంట పైనే. మొత్తం రెండుంపావు గంటలు, ఏ గొడవా లేకుండా. గేటు కూడా విమానం కదిలే టైంకు ముందే మూసేస్తారు కాబట్టి మూడు గంటల ముందు రండి అనడం ఊరికే అనే మాట కాదు. పిల్లలు, వీల్‌చెయిర్ ఉంటే నేనైతే మూడున్నర అంటాను. తరచూ వెళ్లేవాళ్లకు ఇమిగ్రేషన్‌లో ఫాస్ట్ ట్రాక్ నమోదు ఉంది, ఉచితమే. 2025 జనవరి నుంచి హైదరాబాద్‌లో కూడా పెట్టారు. మొహం స్కాన్ చేసి ఎయిర్‌పోర్టులోకి పంపే డిజియాత్రను మాత్రం దీంతో కలపకండి, అది దేశంలోపలి ప్రయాణాలకు.

అసలు హైదరాబాద్ నుంచే లండన్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్ నేరుగా వెళ్తుంది. దుబాయ్, దోహా మీదుగా ఒకే టికెట్ మీద వెళ్లే దారులున్నాయి. ఢిల్లీ మీదుగానే వెళ్లాలన్నా రెండు విమానాలూ ఒకే టికెట్‌లో కొనొచ్చు. అప్పుడు బరువు లెక్క మొదటి నుంచీ లండన్‌దే ఉంటుంది, లేటైతే చూసుకునేదీ వాళ్లే. ఎలాగైనా విడి టికెట్లే కొంటాం అంటారా, ముందురోజే ఢిల్లీ చేరి పడుకోండి. హోటల్ ఖర్చు కలిపాక ఎంత మిగులుతుందో అప్పుడు చూడండి.

తిరిగొచ్చాక ఏజెంటు దగ్గరికి వెళ్లాం. "వానకు నేనేం చేస్తాను మేడమ్" అన్నాడు. వానకు ఆయన్ని అనడం లేదు. బ్యాగులు త్రూ వెళ్తాయని చెప్పింది, పీఎన్‌ఆర్ విడగొట్టి చెప్పకపోయింది వాన కాదు కదా. పోయిన మూడు టికెట్ల మీద పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజులు వెనక్కి రావని కూడా అన్నాడు. అది అబద్ధం. నో షో అయినా, రీఫండ్ లేని టికెట్ అయినా ఆ మొత్తం వెనక్కి ఇవ్వాలని డీజీసీఏ నిబంధనే ఉంది. విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, ఆరు వారాలు వెంటపడితే అది వచ్చింది. మిగతా దానికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేశాం. ఏజెంటుతో జరిగిన వాట్సాప్ మాటలన్నీ దాచాను, కానీ బ్యాగుల గురించి ఆయన చెప్పింది నోటి మాట. దాంతో ఆ ఒక్క విషయంలో నా మాటకు ఆధారం లేదు.

దసరా సెలవులకు టికెట్లు ఇప్పటికే కొనేసి ఉంటే, మీ ఈమెయిల్ తెరిచి పీఎన్‌ఆర్ నంబర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒకటి కంటే ఎక్కువ ఉంటే ఏజెంటుకు ఇవాళే ఫోన్ చేయండి. ఫోన్ కాదు, మెసేజ్ పెట్టండి. బ్యాగులు ఎక్కడి దాకా వెళ్తాయి, అర్ధరాత్రి అవసరమైతే ఏ నంబరు ఎత్తుతారు, ఈ రెండూ ఆయన చేతే రాయించుకోండి.