రాచకొండ, దేవరకొండ, పాలమూరు గుట్టలు: మౌంటెన్ బైక్ ఎక్కడ తొక్కాలి, ఎక్కడ దిగి నడవాలి

నల్లగొండ, పాలమూరు గుట్టలు మరీ ఎత్తైనవేం కావు. సైకిల్‌ను ఇక్కడ ఆపేవి వేరే ఉన్నాయి. బాట నిండా సర్కారు తుమ్మ ముళ్లు, బండ మీద జారే గరుసు, పొద్దున పది దాటితే మాడ్చే ఎండ. అందుకని కోట పేరు చూసి బయలుదేరితే సగం దారిలో ఇబ్బంది పడతారు. ముందు నేల చూడాలి, తర్వాత నెల చూడాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అసలైన కాలం. మార్చి సగం దాటాక తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా నీడ పట్టున చేరగలిగితేనే రండి.

ఒక్క రోజే చేతిలో ఉంటే రాచకొండకు పోండి. ఈ ప్రాంతంలో మౌంటెన్ బైక్‌కు ఇంతకన్నా తగిన నేల లేదు. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని ఇది. సున్నం వాడకుండా పెద్ద పెద్ద రాళ్లు పేర్చి కట్టిన గోడలు గుట్టల మీదుగా ఇంకా కనిపిస్తాయి. చౌటుప్పల్ మీదుగా సంస్థాన్ నారాయణపురం వైపు నుంచి రావచ్చు, లేదా ఇబ్రహీంపట్నం, మంచాల, ఆరుట్ల మీదుగా రావచ్చు. మొదటి దారిలో 65వ నంబరు జాతీయ రహదారి ఉంది. లారీల పక్కన తొక్కడం ఎవరికీ మంచిది కాదు, కాబట్టి సైకిల్‌ను కారులో తెచ్చుకునేవాళ్లకే అది నప్పుతుంది. హైదరాబాద్ నుంచి తొక్కుతూ వచ్చేవాళ్లకు ఆరుట్ల దారే మేలు.

రాచకొండలో మూడు రకాల నేల తగులుతుంది. ఎర్రచెల్కల మధ్య బండ్ల బాటలు హాయిగా సాగుతాయి. పరుపుబండలు పొడిగా ఉంటే టైరును బాగా పట్టుకుంటాయి, చూడటానికి భయమేసే వాలు కూడా ఎక్కేయొచ్చు. వాన పడ్డ మరునాడు మాత్రం బండ మీది నల్లని చారల జోలికి పోవద్దు. నీళ్లు పారే చోట పట్టిన పాచి అది, తడిస్తే సబ్బులా జారుతుంది. మూడోది గరుసు. గ్రానైటు అరిగి రాలిన ఈ ముతక ఇసుక గట్టి నేల మీద పలచగా పరుచుకుని ఉంటుంది. మలుపులో ముందు బ్రేకు పట్టారా, చక్రం కిందినుంచి లాగేసినట్టు పోతుంది. మలుపుకు ముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకుని, మలుపులో బ్రేకు వదిలేయాలి. కోట ద్వారాల దగ్గర, మెట్ల దగ్గర దిగి నడవండి. పేర్చిన రాయి ఒకటి కదిలితే పైవాటికి ఆధారం పోతుంది. చుట్టూ చాలా భాగం రిజర్వు అడవి. ఉన్న బాటల్లోనే తొక్కాలి, చెట్లు కొట్టి కొత్తవి వేయకూడదు.

ముళ్ల సంగతి వివరంగా చెప్పాలి, ఎక్కువ యాత్రలు చెడేది ఇక్కడే. రైతులు చేల చుట్టూ కంప వేస్తారు. కొత్త కంప ఈడ్చుకుపోయిన బాటలో వందల ముళ్లు రాలి ఉంటాయి. బీడు భూముల్లో పల్లేరు కాయలు వీటికి తోడు. ట్యూబులతో వస్తే ఒకే పూట నాలుగైదు పంక్చర్లు అయినా ఆశ్చర్యపోవద్దు. ట్యూబ్‌లెస్ టైర్లు, ఒక్కో 29 అంగుళాల చక్రంలో 100 నుంచి 120 మిల్లీలీటర్ల సీలెంటు (చిల్లిని లోపలినుంచే మూసేసే ద్రవం) పెట్టుకోండి. మన ఎండలకు సీలెంటు త్వరగా ఎండుతుంది. డబ్బా మీద ఎన్ని నెలలు రాసి ఉన్నా, వేసవిలో ఆరు వారాలకోసారి వాల్వు తీసి పుల్ల ముంచి ఇంకా తడి ఉందో లేదో చూడండి. 70 కిలోల మనిషికి ముందు చక్రంలో 22–24, వెనక 25–27 పీఎస్ఐ గాలి చాలు. ట్యూబులైతే 30కి తగ్గించవద్దు. తగ్గిస్తే రాతి అంచుకు, రిమ్ముకు మధ్య ట్యూబు నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపల గుడ్డతో తుడవండి. విరిగిన ముల్లు మొన గుడ్డకు తగులుకుంటుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు వేయడమే రెండో పంక్చరుకు కారణం.

మరమ్మతుల విషయంలో మండల కేంద్రాల మీద కొంతవరకే ఆధారపడొచ్చు. సైకిల్ షాపువాళ్లు ట్యూబుకు ప్యాచ్ చక్కగా వేస్తారు, వంగిన రిమ్ము తీస్తారు, ఆ పనిలో వాళ్ల చేతికి తిరుగులేదు. అయితే సన్నని ప్రెస్టా వాల్వుకు వాళ్ల పంపు సరిపోదు. చిన్న ఇత్తడి అడాప్టరు జేబులో ఉంటే మోటారు బైకుల పంక్చర్ షాపులో కూడా గాలి కొట్టించుకోవచ్చు. కంప్రెసరును ఒక్కసారిగా నొక్కనివ్వకుండా కొంచెం కొంచెంగా కొట్టమని చెప్పండి. 29 అంగుళాల ట్యూబు దొరకకపోతే 26ది సాగదీసి వేసుకుని ఇల్లు చేరవచ్చు. గేర్ హ్యాంగరు (వెనక గేరును ఫ్రేముకు బిగించే చిన్న ముక్క), చైను జోడించే లింకు, బ్రేకు ప్యాడ్లు మాత్రం మీ వెంట ఉండాల్సిందే. హైడ్రాలిక్ బ్రేకులో మినరల్ ఆయిల్ వాడేది మీదైతే, కారు షాపులో దొరికే డాట్ రకం బ్రేక్ ఆయిల్ ఎంత అవసరమొచ్చినా పోయకండి. లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకు మొత్తం పోతుంది.

నీళ్లు గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు లెక్కన పెట్టుకోవాలి. మర్రిగూడ వైపు పోయేవాళ్లకు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ భయం ఉండటం సహజం. ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్లకు వచ్చే జబ్బు. ఒక పూట తాగితే రాదు. అయినా బోరింగు నీళ్ల జోలికి పోకుండా ఊళ్లోని వాటర్ ప్లాంటు దగ్గర నింపుకోవడం మంచిది. తండాల్లో అడిగితే ఇంట్లోంచి తెచ్చి పోస్తారు. సీసా చాపే ముందు "అక్కా, జర నీళ్లు పోస్తరా" అని నిలబడి అడగండి.

దేవరకొండ కోటను ఏలింది కూడా పద్మనాయకులే, మరో శాఖవాళ్లు. ఏడు గుట్టలను కలుపుతూ గోడ కట్టారు. నల్లగొండ నుంచి సుమారు 60 కిలోమీటర్లు. కోట చుట్టూ కింది బాటలు తొక్కడానికి బాగుంటాయి, లోపల చెట్టూ పుట్టా పెరిగి సైకిల్ భుజాన వేసుకోవాల్సి వస్తుంది. చరిత్ర కోసమైతే రెండు గంటలు నడవండి. తొక్కడం కోసమే అయితే రాచకొండే దీనికన్నా మెరుగు. భువనగిరి సంగతి వేరు. 500 అడుగులకు పైబడిన ఏకశిల, చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలం నాటి కోట. సైకిల్ కిందే తాళం వేసి మెట్లెక్కండి.

నల్లగొండలో దిగిన రోజు కాళ్లు సాగదీయడానికి పానగల్లు సరిపోతుంది. పట్టణం నుంచి నాలుగు కిలోమీటర్ల లోపే ఉదయసముద్రం చెరువు, పచ్చల సోమేశ్వరాలయం, రోజంతా లింగం మీద ఒకే నీడ నిలిచే ఛాయా సోమేశ్వరాలయం. చెమట పట్టే దారి కాదు, పిల్లలతో కూడా పోవచ్చు.

పాలమూరు వైపు కోయిలకొండ నాకు ఎక్కువ నచ్చే దారి. మహబూబ్‌నగర్ నుంచి పాతిక కిలోమీటర్ల లోపు, రోడ్డంతా ఎగుడుదిగుళ్లు, పక్కన గుండ్ల గుట్టలు. కోట కుతుబ్‌షాహీల సరిహద్దు కోట. పైకి మెట్లే, కాబట్టి కింద ఊళ్లో సైకిల్ పెట్టడానికి నమ్మకమైన హోటలువాళ్లతో ముందే మాట్లాడుకోండి. అలంపురం, గద్వాల వైపు నల్లరేగడి ఎక్కువ. చలికాలంలో హాయి, వానల్లో నరకం. మట్టి టైరుకు, ఫోర్కుకు మధ్య ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది. అప్పుడు బలవంతంగా తొక్కితే వెనక గేరు విరిగి చక్రం స్పోకుల్లో చిక్కుకుంటుంది. దిగి, పుల్లతో మట్టి తీసి, గడ్డి అంచున నడిపించుకుపోవాలి.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి బాటల్లో సైకిల్ తొక్కవద్దు. అందులోని ఫరహాబాద్ వ్యూ పాయింట్ చూడాలంటే అటవీశాఖ సఫారీ బండ్లున్నాయి. శ్రీశైలం రోడ్డు మీద అడవి భాగంలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు ఆపేస్తారు, ఆ లెక్కన బయలుదేరండి. ఎక్కుడు కావాలంటే అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం తారు రోడ్డు ఉంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా పేరున్న ఈ గుడి దాకా మంచి ఘాట్ రోడ్డు.

బసకు నాగార్జునసాగర్, సోమశిలల్లో పర్యాటక శాఖ హరిత హోటళ్లు బాగుంటాయి. సోమశిలలో కృష్ణ ఒడ్డున గది దొరికితే ఒక రోజు అదనంగా ఉండండి. వారాంతాలకు ముందే బుక్ చేసుకోవాలి. రాచకొండలో బస లేదు. దేవరకొండ లాడ్జీలు పడుకోవడానికి సరిపోతాయి, అంతకుమించి ఆశించవద్దు. ఎక్కడైనా గది తీసుకునే ముందు కింది అంతస్తు అడిగి, సైకిల్ లోపల పెట్టుకోనిస్తారా తేల్చుకోండి. డబ్బు కట్టాక అడిగితే వరండాలో పెట్టమంటారు.

వరి కోతల కాలంలో సాయంత్రం తిరుగు ప్రయాణం వెలుతురుండగానే ముగించండి. తారు రోడ్డు మీద సగం వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పెడతారు, చీకట్లో అవి లైటుకు కూడా చివరి క్షణంలోనే కనిపిస్తాయి. వడ్ల మీదుగా తొక్కవద్దు. చక్రం జారుతుంది, రైతు పంటా పాడవుతుంది. గొర్రెల మంద ఎదురైతే దిగి, సైకిల్‌ను మీకూ కాపరి కుక్కలకూ మధ్య అడ్డంగా పెట్టుకుని నడవండి. మంద దాటగానే అవి వెనక్కి పోతాయి.