‘మల్టీ సిటీ’ టికెట్: దిగేది ఒక ఊళ్లో, తిరిగి ఎక్కేది ఇంకో ఊళ్లో

విమానం టికెట్లు అమ్మే ఏ సైట్ తెరిచినా పైన మూడు బటన్లుంటాయి: వన్ వే, రౌండ్ ట్రిప్, మల్టీ సిటీ. ఆ మూడోదాని జోలికి చాలామంది వెళ్లరు. మేం మాత్రం కొన్నేళ్లుగా పిల్లల సెలవులకి విదేశాలు వెళ్లాలంటే ముందు దాన్నే నొక్కుతున్నాం. ఒకసారి అది మాకు శంషాబాద్‌లో అర్ధరాత్రి చుక్కలు చూపించింది. ఆ సంగతీ చెప్తాను. అయినా సరే, ఒకటికి మించి ఊళ్లు చూసే ప్రయాణానికి రౌండ్ ట్రిప్ కొనడానికి నాకిప్పుడు మనసొప్పదు.

మొదట యూరప్ అనుకున్నప్పుడు మా లెక్క పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ. మాకు తెలిసిన ట్రావెల్ ఏజెంట్ ఇచ్చిన కొటేషన్‌లో వెళ్లేదీ పారిస్‌కే, వచ్చేదీ పారిస్ నుంచే. అంటే రోమ్ చూడ్డం అయ్యాక దాదాపు 1,400 కిలోమీటర్లు వెనక్కి రావాలి. అయిదుగురికి మళ్లీ టికెట్లు, మళ్లీ ఒక రాత్రి హోటల్, రెండు వైపులా టాక్సీ. పైగా అదంతా ఆఖరి రోజున. పిల్లలతో తిరిగినవాళ్లకి తెలుసు, ఆఖరి రోజుకి వాళ్లలో ఓపిక ఉండదు, మనలో అంతకన్నా ఉండదు. మా అత్తయ్య ఆ కాగితం చూసి, “తిరుమలకే ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగే ఘాట్ రోడ్డు వేరు. ఇంత డబ్బు పోసి వెళ్తూ వెళ్లిన దారినే వెనక్కి రావడమేంటే?” అన్నారు. ఆవిడకి విమానాల సంగతి తెలియదు కానీ పాయింట్ అదే.

మల్టీ సిటీలో మొదటి వరసలో హైదరాబాద్ నుంచి పారిస్, రెండో వరసలో రోమ్ నుంచి హైదరాబాద్ అని నింపాం. మధ్యలో పారిస్ నుంచి రోమ్ దాకా ఎలా వెళ్తామన్నది విమానం వాళ్లకి అనవసరం. ఆ ఖాళీని రైళ్లతో నింపుకున్నాం. పారిస్ నుంచి జ్యూరిక్ నాలుగు గంటల చిల్లర. అక్కణ్నుంచి కొన్నాళ్లకి మిలాన్. దారిలో 2016లో తెరిచిన గోట్‌హార్డ్ సొరంగం వస్తుంది. పొడవు 57 కిలోమీటర్లు, ప్రపంచంలో రైలు సొరంగాల్లో అదే పెద్దది. మావాడు వాచీ పట్టుకుని కూర్చున్నాడు. చీకటి మొదలైన క్షణం నుంచి వెలుతురు వచ్చేదాకా నిమిషాలు లెక్కపెట్టి, ఇరవై దాటలేదని నిరుత్సాహపడ్డాడు. స్విట్జర్లాండ్‌లో తల్లిదండ్రుల్లో ఒకరి దగ్గర స్విస్ ట్రావెల్ పాస్ (ఒకసారి కొని ఎన్ని రైళ్లైనా ఎక్కే పాస్) ఉంటే పదహారేళ్లలోపు పిల్లలకి ఫ్యామిలీ కార్డు ఉచితంగా ఇస్తారు. కాబట్టి అక్కడ పిల్లల రైలు ఖర్చు సున్నా. రోమ్‌లో ఆఖరి రోజు పొద్దున్న తీరిగ్గా లేచి, టెర్మినీ స్టేషన్‌లో రైలెక్కితే అరగంటలో ఎయిర్‌పోర్టు.

ధర సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది భయం అదే. గల్ఫ్ మీదుగా, జర్మనీ మీదుగా వెళ్లే పెద్ద ఎయిర్‌లైన్లు ఇలాంటి టికెట్‌ని సాధారణంగా పారిస్ రౌండ్ ట్రిప్‌లో సగం, రోమ్ రౌండ్ ట్రిప్‌లో సగం కలిపినట్టుగా లెక్కకడతాయి. అందుకని మొత్తం ఇంచుమించు రౌండ్ ట్రిప్ దగ్గరే తేలుతుంది. అదే మీరు తెలివిగా రెండు వన్ వేలు విడివిడిగా కొందామనుకుంటే చాలాసార్లు తడిసి మోపెడవుతుంది. ఈ ఎయిర్‌లైన్ల వన్ వే ధరలు కొన్ని రౌండ్ ట్రిప్‌నే మించిపోతాయి. అయితే మధ్యలో పారిస్ నుంచి జ్యూరిక్ విమానం కూడా ఇదే టికెట్‌లో ఇరికిస్తే రేటు ఒక్కసారిగా ఎగిరి కూర్చుంటుంది. మధ్య దారి వదిలెయ్యండి, రెండు కొసలే కొనండి.

వీసాకి కూడా ఇది బాగా పనికొచ్చింది. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఎక్కువ రోజులు ఉండే దేశానికి పెట్టుకోవాలి, అన్ని చోట్లా సమానమైతే మొదట దిగే దేశానికి. మాకు ఇటలీలో రాత్రులు ఎక్కువ కాబట్టి దిగేది పారిస్‌లోనైనా ఇటలీకే పెట్టాం. ఎక్కడ ప్రవేశం, ఎక్కడ నిష్క్రమణ అన్నది ఒకే టికెట్ కాగితం మీద కనబడుతుంటే అడిగేవాళ్లకీ, చెప్పేవాళ్లకీ సుఖం. పనిలో పని, ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకి 90 యూరోలు, ఆరేళ్ల నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకి 45, ఆరేళ్లలోపు వాళ్లకి లేదు. మా పాపకి అప్పుడు ఆరు నిండలేదు, బతికిపోయాం.

ఇంతవరకూ అంతా పొగడ్తే. ఇక జపాన్ కథ.

టోక్యోలో దిగి ఒసాకాలో ఎక్కేట్టు కొన్నాం. కాగితం మీద ఇంతకన్నా చక్కటి ప్లాన్ లేదు. జపాన్ రైల్ పాస్ వారం రోజులది 2023 అక్టోబర్‌లో ఒకేసారి 50 వేల యెన్‌లకి పెంచేశారు. టోక్యో నుంచి ఒసాకాకి బుల్లెట్ రైలు ఒకవైపు సుమారు 14 వేల యెన్‌లు. వెనక్కి వచ్చే పని లేదు కాబట్టి పాస్ అవసరమే లేదు, మధ్యలో క్యోటోలో దిగి ఆగితే సరి. ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకి సగం టికెట్. టికెట్లు సంక్రాంతి రోజుల్లో ఒక బుకింగ్ సైట్‌లో కొన్నాం. ఎయిర్‌లైన్ సొంత సైట్‌లోకన్నా మనిషికి కొన్ని వేలు తక్కువ చూపించింది మరి. సైట్ పేరు, ఎయిర్‌లైన్ పేరు రాయను. ఈ తంతు మీకు ఎవరి దగ్గరైనా జరగొచ్చు.

మార్చిలో ఒక మెయిల్ వచ్చింది. మధ్యలో మారాల్సిన ఊరి నుంచి టోక్యో వెళ్లే విమానం టైమ్ ముందుకి జరిపారట. మా హైదరాబాద్ విమానం టైమ్ మారలేదు. అంటే మేం ఆ ఊళ్లో దిగేసరికి టోక్యో విమానం ఆకాశంలో ఉంటుంది. మెయిల్ కింద ఒకే బటన్: ‘యాక్సెప్ట్’. దేన్ని ఒప్పుకోమంటున్నారో వాళ్లకే తెలియాలి.

ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేస్తే, “మీ టికెట్ ఏజెన్సీ ఇష్యూ చేసింది మేడమ్, మేం ముట్టుకోకూడదు, వాళ్లనే అడగండి” అన్నారు. సైట్‌కి చేస్తే, “ఎయిర్‌లైన్ నుంచి అప్రూవల్ రావాలి మేడమ్, మా చేతుల్లో ఏం లేదు” అన్నారు. వీళ్లు వాళ్ల మీద, వాళ్లు వీళ్ల మీద నెట్టుకోవడంతోనే పక్షం రోజులు గడిచాయి. మామూలు రౌండ్ ట్రిప్ అయితే రద్దు చేసి డబ్బులు తీసుకుని ఇంకోటి కొనేద్దుం. ఇక్కడ ఒక కొస కదిపితే ఒసాకా కొస కూడా కదులుతుంది. ఆ రెండు కొసల మధ్యే హోటళ్లన్నీ కట్టేసుకున్నాం. చివరికి సైట్ వాళ్లే ఫోన్ చేసి, అదే రోజు వేరే కనెక్షన్‌లోకి మార్చామన్నారు. కన్ఫర్మ్‌డ్ అని మెయిల్ వచ్చింది. ఎయిర్‌లైన్ యాప్‌లో చూస్తే అయిదుగురి పేర్లూ కొత్త టైమ్‌తో ఉన్నాయి. సీట్లు కూడా ఎంచుకున్నాం, పాపకి కిటికీ పక్కన.

శంషాబాద్‌లో కౌంటర్ దగ్గర బోర్డింగ్ పాసులు నాలుగు చకచకా వచ్చాయి. అయిదోది రాలేదు. కౌంటర్‌లో అమ్మాయి మళ్లీ కొట్టింది, పక్కనున్న అబ్బాయిని పిలిచింది, ఇద్దరూ స్క్రీన్‌లోకి తొంగి చూశారు. “మేడమ్, పాప టికెట్ పడట్లేదు.” పాపేమో ట్రాలీలో సూట్‌కేసుల మీద బోర్లా పడి నిద్రపోతోంది. యాప్‌లో పాప పేరు, సీటు నంబరు చూపించాను. ఆ అమ్మాయి ఓపిగ్గా స్క్రీన్ నావైపు తిప్పి చెప్పింది. ఆరు అక్షరాల పీఎన్‌ఆర్ అంటే సీటు పట్టుకున్నట్టు మాత్రమే. అసలు టికెట్ అంటే ఒక్కొక్కరికీ విడిగా ఉండే 13 అంకెల నంబరు. విమానం మార్చినప్పుడు ఆ టికెట్‌ని కొత్త విమానానికి తగ్గట్టు తిరగరాయాలి. సైట్ వాళ్లు నలుగురివి తిరగరాశారు. పాపది పాత విమానం మీదే వదిలేశారు. సీటుంది, టికెట్ లేదు!

సైట్ కాల్ సెంటర్‌లో సంగీతం వినిపిస్తోంది, మా కాల్ వాళ్లకెంతో ముఖ్యమట. పక్కనున్న అబ్బాయి, “పాపతో ఒకరు ఆగి రేపు రండి సార్, మిగతావాళ్లు వెళ్లిపోండి” అని సలహా ఇచ్చాడు. కౌంటర్ అమ్మాయే అతన్ని ఆపింది. టికెట్‌లో మొదటి విమానం ఎక్కకపోతే మిగతా ప్రయాణమంతా దానంతటదే రద్దవుతుందట. అంటే పాపతో ఆగినవాళ్లకి ఒసాకా నుంచి తిరుగు టికెట్ కూడా పోతుంది. పోనీ పాపకి అక్కడికక్కడే కొత్త టికెట్ కొన్నా అంతే, పాత టికెట్‌లోని తిరుగు ప్రయాణం గాల్లో కలుస్తుంది. మావారు అరచేతి మీద పాప టికెట్ నంబరు రాసుకుని సూపర్‌వైజర్ కోసం పరుగెత్తారు. అత్తయ్య ఆంజనేయ దండకం మొదలుపెట్టారు. మావాడు మెల్లగా, “చెల్లిని ఇక్కడే ఉంచేస్తామా?” అనడిగాడు. ఆ గొంతులో బెంగకన్నా ఆశే ఎక్కువుందని నా అనుమానం.

సూపర్‌వైజర్ వచ్చి, వాళ్ల సొంత టికెటింగ్ డెస్కుకి ఫోన్ చేసి, ఏజెన్సీ టికెట్‌ని తమ చేతిలోకి తీసుకుని తిరగరాయించారు. మార్చిలో వాళ్ల ఫోన్‌లో ‘ముట్టుకోకూడదు’ అన్న టికెట్ అదే. కౌంటర్ మూసేందుకు పావుగంట ఉందనగా అయిదో బోర్డింగ్ పాస్ బయటికొచ్చింది. ఆ తర్వాత ఇమ్మిగ్రేషన్, సెక్యూరిటీ ఎలా దాటామో నాకు సరిగ్గా గుర్తులేదు. పాప మాత్రం విమానం ఎక్కాక లేచి, “ఎయిర్‌పోర్ట్ వచ్చిందా?” అంది.

ఆ తర్వాత మాకు రెండు అలవాట్లయ్యాయి. మల్టీ సిటీ టికెట్ ఎయిర్‌లైన్ సొంత సైట్‌లోనే కొంటున్నాం, కొన్ని వేలు ఎక్కువైనా సరే. టైమ్ ఏమాత్రం మారినా, పది నిమిషాలైనా, ఒక్కొక్కరి ఈ-టికెట్ రసీదు మళ్లీ తెప్పించుకుని 13 అంకెల నంబరు పక్కన కొత్త విమానం తేదీ ఉందో లేదో చూసుకుంటున్నాం. యాప్‌లో పేరు కనబడితే చాలని ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ అనుకోరు.

పైన మెచ్చుకున్నంత హాయి కూడా లేదు, ఇంకో రెండు విషయాల్లో. ఒకటి సామాను. తిరిగి అదే ఊరికి వచ్చేటట్టయితే పెద్ద సూట్‌కేసు మొదటి హోటల్లో పెట్టి వెళ్లొచ్చు, చాలా హోటళ్లు ఒప్పుకుంటాయి. ఇలా కొసలు వేరైతే ఇల్లంతా మనతోనే రైళ్లెక్కి దిగాలి. యూరప్‌లో ఒక్కో ప్లాట్‌ఫాం మీద మావారి ముఖం చూడాల్సింది. జపాన్‌లో ఈ బాధ తీరింది. అక్కడ సూట్‌కేసుల్ని టోక్యో హోటల్ నుంచి క్యోటో హోటల్‌కి పంపించే సర్వీసులున్నాయి, మర్నాటికల్లా చేరిపోతాయి. మేం వీపు సంచులతో రైలెక్కాం. గోంగూర పచ్చడి సీసా మాత్రం పరాయి మనుషుల చేతికి ఇవ్వనని అత్తయ్య తన చేతిసంచిలోనే పెట్టుకున్నారు. రెండోది ఆఖరి ఊరు. ఏం జరిగినా ఫలానా రోజుకి ఆ ఊరు చేరి తీరాలి. ఇటలీలో రైల్వే సమ్మెలు మామూలే, తేదీలు సాధారణంగా ముందే ప్రకటిస్తారు. అందుకని విమానానికి కనీసం రెండు రాత్రుల ముందే ఆ ఊళ్లో ఉండేట్టు చూసుకోండి.

దగ్గరి దేశాలకి ఈ బటన్‌తో పెద్ద పని లేదని కూడా తేలింది. సింగపూర్‌లో దిగి కౌలాలంపూర్ నుంచి వచ్చేట్టు వెళ్లినప్పుడు, చవక ఎయిర్‌లైన్లలో రెండు వన్ వేలు విడిగా కొంటేనే మాకు తక్కువ పడింది. రెండు ఊళ్లకీ హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి. ఒకటి మారినా రెండోదానికి సంబంధం ఉండదు, అది ఇంకో నిశ్చింత. కాకపోతే ధరలో సామాను కలిసి ఉందో లేదో చూసుకోవాలి.

చంటిపిల్లలున్నవాళ్లకి ఒక మాట. తిరుగు ప్రయాణం నాటికి బిడ్డకి రెండేళ్లు నిండితే మామూలుగా సీటు కొనాల్సిందే. బుక్ చేసేటప్పుడు రెండు తేదీలూ చూసుకోండి.

నా వరకూ అయిదుకి నాలుగు నక్షత్రాలు. ఆ ఒక్కటి శంషాబాద్ కౌంటర్ దగ్గర రాలిపోయింది. మా ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ, ఒకేచోట రెండ్రోజులకి మించి కుదురుగా ఉండని పిల్లవాడు ఉన్నారు కాబట్టి వెనక్కి వచ్చే ప్రయాణం తప్పడమే మాకు పెద్ద లాభం. మా తోటికోడలి చెల్లెలు లండన్‌లో ఉంటుంది. తోటికోడలు వాళ్లు అక్కడ సామాను పడేసి, నాలుగు రోజులు ఎటైనా తిరిగొచ్చి, అక్కణ్నుంచే విమానమెక్కుతారు. వాళ్లకి రౌండ్ ట్రిప్పే సరిపోతుంది. మాకు విదేశాల్లో అలా దిగడానికి చుట్టాలిల్లు లేదు. ఉండి ఉంటే ఈ సమీక్ష కొంచెం వేరేగా రాసేదాన్నేమో.