ఆయాసానికి ఎకో చాలా, కాథ్ కావాలా?

కోనసీమ నేల బల్లపరుపు. ఇక్కడ ఆయాసం త్వరగా బయటపడదు. కాలువ గట్టు ఎక్కినప్పుడో, రేవు మెట్లు ఎక్కి పైకి వచ్చినప్పుడో తెలుస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవారు దాన్ని మందుల వేడి అని సరిపెట్టుకుంటారు. ఊపిరితిత్తుల ధమనుల్లో పీడనం పెరిగి (పల్మనరీ హైపర్‌టెన్షన్) ఉండవచ్చని ఎవరికి తడుతుంది? చేతికి పట్టీ కట్టి చూసే బీపీలో అది కనిపించదు. గుర్రపుడెక్క పట్టిన కాలువలా ఆ ధమనులు ఇరుకై, గుండె కుడి భాగం అలసిపోతుంది.

ఇది ఎంతమందికి వస్తుందన్నది ఏ పరీక్షతో లెక్కించామన్నదాన్ని బట్టి ఉంటుంది. 2008లో ఫ్రాన్స్‌లో 7,648 మంది హెచ్‌ఐవీ బాధితులను పరిశీలించారు. కారణం తెలియని ఆయాసం ఉన్నవారికి ఎకో (గుండె స్కాన్), ఎకోలో అనుమానం వస్తే కాథెటర్ పరీక్ష (కాథ్). తేలింది 0.46 శాతం, అంటే సుమారు 200 మందిలో ఒకరు. మామూలు జనంలో ఈ రకం జబ్బు పది లక్షల మందిలో 15 నుంచి 50 మందికే. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే కొత్త ఏఆర్‌టీ మందులు రాకముందు, 1991లో స్విస్ వైద్యులు చెప్పిన లెక్క కూడా 0.5 శాతమే. ఎకో ఒక్కదాన్నే నమ్మిన పరిశోధనల్లో మాత్రం అంకెలు ఇంతకంటే చాలా పెద్దవి, ఒకదానితో ఒకటి పొసగనివి.

ఎకో పీడనాన్ని నేరుగా కొలవదు. గుండె కవాటం నుంచి వెనక్కి చిమ్మే రక్తం వేగాన్ని చూసి అంచనా కడుతుంది. సెకనుకు 2.8 మీటర్లు దాటితే అనుమానం, అంతే. నొప్పి లేదు, ఖర్చు తక్కువ. కాథ్‌లో మెడ లేదా గజ్జ సిరలోంచి సన్నని గొట్టం పంపి నేరుగా కొలుస్తారు. సగటు పీడనం 20 ఎంఎం దాటితే జబ్బు ఉన్నట్టు (2022కు ముందు ఐరోపాలో ఈ గీత 25). లోపం గుండె ఎడమ భాగంలో ఉందా, ధమనుల్లోనేనా అన్నదీ అక్కడే తేలుతుంది.

ఆయాసం లేనివారందరికీ ఎకో తీయించడం నా దృష్టిలో దండగ. ఆయాసం ఉంటే ముందు రక్తహీనత, పాత క్షయ మచ్చలు చూసుకుని, తర్వాత ఎకో. అయితే ఎకో కాగితం ఒక్కటి చూసి ఈ జబ్బుకిచ్చే మాత్ర సిల్డెనాఫిల్ మొదలుపెడతామంటే నేను ఒప్పుకోను. కాకినాడ దాకా వెళ్లవలసి వచ్చినా ముందు కాథే మేలు. రెండో వరుస ఏఆర్‌టీలో (మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చేది) రిటోనావిర్ వాడుతున్నవారికి సిల్డెనాఫిల్ తోడైతే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు. మరో హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్‌తో ఆ చిక్కు లేదు. గుండె డాక్టరు గదిలో చాలామంది ఏఆర్‌టీ కార్డు జేబులోంచి తీయరు. తీసి చూపించవలసిన చోటు అదే.