ముప్ఫై ఏళ్లు దాటి చదువుతున్న పేపరు గురించి

మద్దిలపాలెంలో మా ఇంటికి 1993 నుంచి ఒకే తెలుగు పేపరు వస్తోంది. పేరు రాయను. విశాఖ జిల్లా పేజీలకైతే వంక పెట్టలేను. ఏ వార్డుకి కుళాయి నీళ్లు రావో, గాజువాకలో ఏ రోడ్డు తవ్వారో అందులో చూడాల్సిందే. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత ఏ ప్రాంతానికి కరెంటు వచ్చిందో కూడా దాన్లోనే చూసుకున్నాం.

నా బాధంతా మొదటి పేజీతోనే. 1995 ఆగస్టులో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి. ఆయన పార్టీ ఎమ్మెల్యేలే హైదరాబాద్‌లో వైస్రాయ్ హోటల్లో వేరే శిబిరం పెట్టారు. సెప్టెంబరు 1న చంద్రబాబు ప్రమాణం చేశారు. మా పేపర్లో అది 'నాయకత్వ మార్పు'. పక్క వీధిలో పెదనాన్న తెప్పించే పేపర్లో అదే 'వెన్నుపోటు'. 294 మంది ఉన్న సభలో 148 మంది కావాలి కదా, ఎవరి వైపు ఎంతమంది అన్న లెక్క ఆ రెండు పేపర్లలో ఒక్కరోజూ కలవలేదు. మా పేపరు శిబిరం ఫొటోలు పైన వేసి, ఎన్టీఆర్ మాటల్ని లోపలికి నెట్టేది. నాన్న పొద్దున్నే పేపరు పట్టుకుని పెదనాన్న దగ్గరికి వెళ్లేవారు, ఆయన తన పేపరు తీసేవారు. ఆ దసరాకి ఇద్దరి మధ్యా మాటల్లేవు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. అది ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది.

ఎందుకంటే 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని తొలగించి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించినప్పుడు ఆ అన్నదమ్ములిద్దరిదీ ఒకే మాట: బలం తేల్చాల్సింది రాజ్‌భవన్లో కాదు, సభలో. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1994లో బొమ్మై కేసులో (కర్ణాటకలో బొమ్మై ప్రభుత్వాన్ని రద్దు చేయడం మీద నడిచిన కేసు) సుప్రీంకోర్టు చెప్పిందీ అదే, బలం సభలోనే తేలాలని. 1995లో మా పేపరు ఆ ప్రశ్నే పైకి తేలేదు. హోటల్లో తలలు లెక్కపెట్టింది. నాకది క్షమించరాని తప్పు.

ఊరి వార్తలకైతే కళ్లు మూసుకుని కొనండి. ప్రభుత్వం మారే రోజుల్లో ఇదొక్కటే చదవొద్దు.

నాన్న పోయాక పెదనాన్న పేపరు కూడా వేయమని పేపరబ్బాయికి చెప్పాను. తమకు నచ్చినవాళ్లు గెలిచినప్పుడు అదీ ఇదే పని చేస్తోంది. ఎమ్మెల్యేల లెక్క కనిపిస్తే, అది చెప్పిందెవరో వెతికి పెన్సిల్‌తో గీత గీస్తాను. చాలాసార్లు గీయడానికి అక్కడ పేరే ఉండదు.