పెరిగే మార్కెట్లో స్టాప్‌లాస్: వాడగా వాడగా తేలింది ఇదీ

స్టాప్‌లాస్ అంటే షేరు మనం చెప్పిన ధరకి పడగానే దానంతటదే అమ్మేయమని ముందే పెట్టుకునే ఆర్డర్. దాని గురించి చెప్పేవాళ్ళంతా మార్కెట్ పడినప్పుడు అది ఎలా కాపాడిందో చెబుతారు. పెరిగినప్పుడు అది నన్ను ఏం చేసిందో నేను చెబుతాను. 2022 జూన్‌లో నిఫ్టీ (యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ) 15,200 దరిదాపుల్లో ఉంది. 2024 సెప్టెంబరు చివరికి 26,277 తాకింది. ఆ రెండేళ్ళూ భీమవరం దగ్గర మా రొయ్యల మేత కొట్టులో, గల్లాపెట్టె పక్కన ఫోను పెట్టుకుని నేను మార్కెట్లోనే ఉన్నాను. కొన్న షేర్లు కూడా మంచివే, చాలావరకు పెరిగాయి. కాకపోతే అవి పెరిగే వేళకి నా దగ్గర లేవు.

వాడిన పద్ధతి అందరికీ తెలిసిందే. షేరు కొన్న వెంటనే 5 శాతం కింద జీటీటీ (గుడ్ టిల్ ట్రిగ్గర్డ్) అనే స్టాప్‌లాస్ ఆర్డర్ పెట్టడం. మామూలు ఎస్‌ఎల్ (స్టాప్‌లాస్) ఆర్డర్ అయితే సాయంత్రానికి రద్దయిపోతుంది, రోజూ మళ్ళీ పెట్టాలి. జీటీటీ అలా కాదు, ఒకసారి పెడితే నెలల తరబడి కాపలా కాస్తుంది. 500కి కొన్న షేరుకి 475 దగ్గర పెట్టాననుకోండి. ఏదో ఒక బుధవారం అమెరికాలో వడ్డీ రేట్ల గొడవ, ఇక్కడ అన్నీ ఎర్రబడతాయి. షేరు 472 దాకా దిగి, నాది అమ్మించేసి, మధ్యాహ్నానికి 488కి వస్తుంది. వారం తిరిగేసరికి 510. ఇక ఆగలేక 515కి మళ్ళీ కొంటాను. అదే కంపెనీ, అదే షేరు, మధ్యలో షేరుకి 40 రూపాయలు గాలికి పోయాయి. ఇలాంటిది ఏడాదిలో రెండు మూడుసార్లు జరిగితే షేరు 20 శాతం పెరిగినా మన చేతికి మిగిలేది ఏమీ ఉండదు.

పైగా ఖర్చులు. డెలివరీలో, అంటే షేర్లు మన ఖాతాలోకి తెచ్చుకునే పద్ధతిలో, కొన్నా అమ్మినా 0.1 శాతం ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను). అమ్మిన ప్రతిసారీ డీపీ చార్జీ (షేర్లు దాచే ఖాతా వాళ్ళు తీసుకునేది), పది షేర్లయినా వెయ్యి షేర్లయినా ఒకటే. అన్నిటికన్నా మంట పుట్టించేది పన్ను. ఏడాది లోపు అమ్మితే వచ్చే లాభం మీద 2024 జులై 23 నుంచి 20 శాతం కట్టాలి, అంతకుముందు 15 ఉండేది. ఏడాది దాటితే 12.5 శాతమే, అదీ లక్షా పాతికవేల లాభం దాటాక. స్టాప్‌లాస్ కొట్టిన ప్రతిసారీ ఆ ఏడాది లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ ముక్క ఏ వీడియోలోనూ నేను వినలేదు.

దీన్ని నిజంగా పరీక్షించిన రోజు 2024 జూన్ 4. అసెంబ్లీ ఫలితాలు, పార్లమెంటు ఫలితాలు ఒకేరోజు కావడంతో మా వైపు షేర్ల సంగతి ఎవరికీ పట్టలేదు. వీధిలో టపాకాయలు, కొట్టులో టీవీ ముందు నుంచి కదలని రైతులు. గుమస్తా మెజారిటీలు చదివి వినిపిస్తున్నాడు. ముందురోజు 3 శాతం పైగా ఎగిరిన నిఫ్టీ ఆ రోజు దాదాపు 6 శాతం పడి 21,884 దగ్గర ఆగింది. నా ఫోనులో ట్రిగ్గర్ మెసేజీలు వరసగా దిగుతున్నాయి. అయితే ట్రిగ్గర్ అవడం వేరు, అమ్ముడుపోవడం వేరు. ట్రిగ్గర్ అంటే ఆర్డర్ నిద్రలేచే ధర, లిమిట్ అంటే అంతకన్నా తక్కువకి అమ్మొద్దనే హద్దు. ట్రిగ్గర్ 475, లిమిట్ 473 అని పెట్టిన చోట ధర ఒక్క దూకులో 460కి పోతే ఆర్డర్ అక్కడే వేలాడుతూ ఉంటుంది. ఆ రోజు నావి కొన్ని అమ్ముడయ్యాయి, రెండు మాత్రం ఇలా వేలాడిపోయాయి. కంగారులో రద్దు చేద్దామంటే యాప్ తిరుగుతూనే ఉంది, తెరుచుకోదు. 7వ తేదీకల్లా నిఫ్టీ 23,290 దగ్గర ముగిసింది. అమ్ముడైనవాటిని చూసి పళ్ళు నూరుకున్నాను, వేలాడినవి మాత్రం లాభంలోకి వచ్చేశాయి. ఒక కాపలా సరుకు పనిచేయని చోటే యజమాని బాగుపడ్డాడంటే దానికి ఎన్ని నక్షత్రాలు ఇవ్వాలో మీరే చెప్పండి.

మా కొట్టుకొచ్చే రైతులు చెరువు దగ్గర ఇలా చేయరు. తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గితే రొయ్యలు కట్టవారకి చేరి తేలుతుంటాయి. అది చూసి ఎవరూ వల వేసెయ్యరు. ఏరేటర్లు వేస్తారు, ఆక్సిజన్ బిళ్ళలు చల్లుతారు, ఎండెక్కేదాకా కట్ట మీదే కూర్చుంటారు. వైట్‌స్పాట్ (తెల్లమచ్చల జబ్బు) అని తేలిందా, అప్పుడు మాత్రం కిలోకి వంద తూగే చిన్న రొయ్యో నూట ఇరవయ్యో, ఎంతకొస్తే అంతకి ఆ పూటే పట్టించేస్తారు. చిక్కేమిటంటే రెండిట్లోనూ ముందు కనబడేది రొయ్య కట్టవారకి చేరడమే. నాలుగు రొయ్యల్ని పట్టి పెంకు చూడాలి, అనుమానం ఉంటే ల్యాబుకి పంపాలి. స్టాప్‌లాస్‌కి ఆ చూపు లేదు. 5 శాతం తగ్గిందంటే చెరువు పట్టెయ్యడమే.

మా పెదనాన్నగారి దగ్గర తణుకు ఆంధ్రా షుగర్స్ కాగితం షేర్లు కొన్ని ఉన్నాయి, బీరువాలో పట్టుపంచెల కింద. 2019 ఏప్రిల్ నుంచి డీమ్యాట్ (కాగితం షేర్లని కంప్యూటర్ ఖాతాలోకి మార్చడం) చేయించుకోకుండా కాగితం షేర్లు అమ్మే వీలు లేదు. ఆయన ఆ పని ఇవాళ రేపు అంటూనే ఉన్నారు. “ఏరా, నీ మిషను ఇవాళ ఎన్ని అమ్మిపెట్టింది?” అని నన్ను ఆట పట్టిస్తుంటారు. ఆయన పద్ధతి గొప్పదని నేను ఒప్పుకోను. అదే బీరువాలో ఎప్పుడో మూతపడ్డ కంపెనీల కాగితాలూ ఉన్నాయి, వాటి మాట మాత్రం ఎత్తరు.

పనికొచ్చిన చోటు కూడా చెప్పకపోతే అన్యాయం. ఫ్యూచర్స్, ఇంట్రాడే (కొన్నది ఆ రోజే అమ్మేయడం), ఆప్షన్లు అమ్మడం, అంటే చేతిలో ఉన్నదానికన్నా ఎక్కువ డబ్బుతో ఆడే ప్రతి చోటా స్టాప్‌లాస్ ఉండి తీరాలి. 2024 సెప్టెంబరులో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ విడుదల చేసిన అధ్యయనంలో, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్లు) ఆడిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారని తేలింది. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు పైనే. మార్కెట్ పెరిగిన మూడేళ్ళలోనే ఈ సంగతి! ఇక్కడో మెలిక ఉంది. ఆప్షన్లలో ఎస్‌ఎల్-ఎం, అంటే ట్రిగ్గర్ తగలగానే ఎంతకైనా అమ్మేసే రకాన్ని, 2021 సెప్టెంబరులో ఎన్‌ఎస్‌ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్) తీసేసింది. లిమిట్ ఉన్నదే మిగిలింది కాబట్టి ట్రిగ్గర్‌కీ లిమిట్‌కీ మధ్య కాస్త ఎడం ఇవ్వాలి. రూపాయి తేడా పెట్టి నిద్రపోతే జూన్ 4 లాంటి రోజున వేలాడటమే.

రొయ్యల కంపెనీల షేర్లకి కూడా నేను స్టాప్‌లాస్ తీయను. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల ప్రకటన రాగానే ఆ షేర్లు పడ్డాయి, ఇక్కడ రొయ్య ధరా కొనేవాళ్ళు తగ్గించేశారు, కొట్టులో అరువు వసూళ్ళూ ఆగిపోయాయి. మూడూ ఒకే దెబ్బకి. డెల్టాలో బతికేవాడికి చెరువులోనూ రొయ్యే, షేర్లలోనూ రొయ్యే అంటే ఒకే తాడు మీద రెండు కాళ్ళూ. అప్పుడు నా స్టాప్‌లాస్ సరిగ్గా పనిచేసింది, అమ్మిన ధరకన్నా ఇంకా కిందకి పోయాయి. ఆ డబ్బే ఆ నెల కొట్టు నడిపింది.

ఇప్పుడు సొంత డబ్బుతో డెలివరీకి కొన్న షేర్లకి జీటీటీ అమ్మకం పెట్టడం మానేశాను, ధర అలర్టు పెడుతున్నాను. అది మోగితే ముందు ఎన్‌ఎస్‌ఈ సైట్లో ఆ కంపెనీ ప్రకటనలు చూస్తాను. ఆడిటర్ రాజీనామా, ప్రమోటర్ (కంపెనీ అసలు యజమాని) షేర్ల తాకట్టు, కంపెనీకి వచ్చిన ఆర్డర్ రద్దు, ఇలాంటివి ఉంటే ధర ఎంతున్నా అమ్మేస్తాను. ఏమీ లేక మార్కెట్ మొత్తం పడితే మేత లారీ దింపించుకునే పనిలో పడతాను.

డెలివరీలో స్టాప్‌లాస్‌కి అయిదింటికి రెండు నక్షత్రాలు, ఎఫ్ అండ్ ఓలో నాలుగు. అలర్టులకి మూడే ఇస్తున్నాను, ఎందుకంటే యాప్ వాళ్ళు దాన్ని ఐపీఓ ప్రకటనలూ లోన్ ఆఫర్లూ వచ్చే వరసలోనే పడేస్తారు. పొద్దున మోగింది మధ్యాహ్నం భోజనాల వేళకి కనబడుతుంది. దానికి వేరే మోత పెట్టుకునే వీలిస్తే ఇంకో నక్షత్రం వేస్తాను.