110 సెంటీమీటర్ల ఫైవ్ ఇన్ వన్ రిఫ్లెక్టర్: హన్మకొండ ఇళ్లల్లో చాన్నాళ్లు వాడాక

ఇంటి లోపలి ఫొటోల కోసం రిఫ్లెక్టర్, అంటే వెలుతురును కావలసిన వైపుకు తిప్పే మడత పలక, కొనేవాళ్లు ముందు చూసేది వెండి వైపు. వరంగల్, హన్మకొండ, కాజీపేట ఇళ్లల్లో ఏళ్లుగా వాడుతుంటే తేలిందేమిటంటే, పెట్టిన డబ్బు గిట్టుబాటయ్యేది నల్ల వైపుతో, ఆ తర్వాత లోపలుండే తెల్ల తెరతో. తెల్ల ముఖం అప్పుడప్పుడు పనికొస్తుంది, వెండి అరుదుగా. బంగారు వైపును ఇంట్లో విప్పకపోవడమే మంచిది.

వస్తువు సంగతి ముందు. స్ప్రింగు ఉక్కు పట్టీకి బిగించిన వెలుతురు దూరే తెల్ల గుడ్డ (లోపలి తెర ఇదే), దాని మీద జిప్పుతో తిప్పి తొడిగే కవరు. ఆ కవరుకే వెండి, బంగారు, తెలుపు, నలుపు ముఖాలు. మడిస్తే మూడు చుట్లయి చిన్న గుండ్రటి సంచిలో పడుతుంది. ఏ కంపెనీదైనా నిర్మాణం ఇంతే. తేడాలన్నీ జిప్పులో, అంచు కుట్టులో.

ఇక నలుపు. మన ఇళ్లల్లో వెలుతురు తక్కువని అనుకుంటాం గానీ, అసలు చిక్కు దాని రంగుతో. పిస్తా రంగు గోడ, పక్కన నారింజ గోడ, కింద అద్దంలా మెరిసే టైల్స్. కిటికీ వెలుతురు గోడకు తగిలి మంచం మీది తెల్ల దుప్పటికి పచ్చదనం పూస్తుంది. వైట్ బ్యాలెన్స్‌తో, అంటే తెలుపు తెల్లగా కనబడేలా కెమెరా రంగులు సరిచేసి, ఆ పచ్చదనం తీస్తే కిటికీ దగ్గరి భాగం గులాబీకి తిరుగుతుంది. నల్ల వైపును గోడకూ మంచానికీ నడుమ, ఫ్రేములో పడకుండా అంచు పక్కనే, మంచానికి రెండడుగుల లోపు నిలబెడితే ఆ రంగు చాలావరకు అక్కడే ఆగిపోతుంది. నీడ వైపు కాస్త చిక్కబడి దిండు గుండ్రదనం, దుప్పటి మడత తేలుతాయి. దగ్గరుంటేనే ఈ ఫలితం. నాలుగడుగులు జరిపితే పెట్టినా పెట్టనట్టే.

అపార్టుమెంట్లలో ఇంకో తిప్పలుంది. పక్క బిల్డింగు పది అడుగుల దూరంలో ఉండి, దాని గోడ ముదురు పసుపైతే, ఎండ పడినంతసేపూ ఆ గోడే బంగారు రిఫ్లెక్టరై గదిలోకి రంగు పంపుతుంది. దీనికి ఈ సామానులో మందు లేదు. ఆ గోడ నీడలోకి వెళ్లే వేళ కనుక్కొని అప్పుడు తీయాలి. అందుకే ఫొటోలకు ముందురోజు ఇంటిని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి రావాలి.

ప్రతిబింబాల పనికీ నలుపే. టీవీ తెర, ఫ్రిజ్ తలుపు, దేవుడి పటాల అద్దాలు కెమెరాను, ట్రైపాడ్‌ను చూపిస్తుంటే, కెమెరా వెనక నలుపు పెడితే సరిపోతుంది. కరీంనగర్ వైపు నుంచి వచ్చే టాన్ బ్రౌన్ గ్రానైటు వంటగట్ల మీద తెల్లగా మెరిసే కిటికీ మచ్చకు మాత్రం సర్క్యులర్ పోలరైజర్ (మెరుపును తగ్గించే, లెన్స్ ముందు బిగించే ఫిల్టరు) మేలు. రెండు స్టాప్‌ల దాకా వెలుతురు తింటుంది (ఒక స్టాప్ అంటే వెలుతురు సగానికి తగ్గడం) గానీ ట్రైపాడ్ మీద లెన్స్ రంధ్రం ఎఫ్ 8, సెన్సార్ సున్నితత్వం ఐఎస్ఓ 100 దగ్గర షట్టర్ అర సెకనుకు పోయినా నష్టం లేదు. ఫ్యాను ఆపితే చాలు. ఇత్తడి, స్టీలు మీద పోలరైజర్ పారదు. పెంబర్తి ఇత్తడి పాత్ర ఏదైనా ఫ్రేములో ఉంటే ఒక పక్క కిటికీని చూడనిచ్చి, రెండో పక్క నలుపు పెట్టాలి. చుట్టూ నలుపే చూపిస్తే ఇత్తడి చచ్చిపోయి తుప్పు పట్టిన ఇనుములా పడుతుంది. వెండి పెడితే ఆ గుండ్రటి ముఖం ప్రతిబింబం పాత్ర పొట్ట మీదే కనిపిస్తుంది.

తెల్ల తెర అవసరం ఎప్పుడు పడుతుందో సూర్యుణ్ని బట్టి ఉంటుంది. వరంగల్ ఇంచుమించు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీలకు మించి లేవడు. దక్షిణపు కిటికీ నెత్తిన రెండడుగుల సజ్జ ఉన్నా దాని నీడ రెండుంబావు అడుగుల దాకే దిగుతుంది. నాలుగడుగుల కిటికీలో మిగతాదంతా ఎండే. మే మధ్య నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు. ఉత్తరపు కిటికీలోంచి ఎప్పుడూ నీడ వెలుతురే వస్తుందన్న మాట నమ్మొద్దు. ఇక్కడ ఆ నెలల్లో పొద్దున, సాయంత్రం ఏటవాలుగా ఎండ గచ్చు మీదికే వస్తుంది.

ఆ ఎండను మెత్తబరచడానికి తెరను గ్రిల్‌కు బయట కట్టాలి. లోపల కడితే ఊచల నీడలు గుడ్డ మీదే పడి కిటికీ గళ్లగళ్లుగా ఉంటుంది. ఇక్కడే ఈ రిఫ్లెక్టర్ ఓడిపోతుంది. ఉక్కు చట్రం ఊచల సందుల్లోంచి దూరదు కనుక కింది అంతస్తులో బయటికెళ్లి కట్టగలిగితేనే పని. పైగా నాలుగడుగుల చదరపు కిటికీకి 110 సెంటీమీటర్ల గుండ్రం చాలదు. మూలల్లోంచి జారిన ఎండ నేల మీద నెలవంకలు గీస్తుంది. పై అంతస్తులకు పలుచని తెల్ల పంచెను సందుల్లోంచి బయటికి తోసి క్లిప్పులు పెట్టడం హాయి. ఆ పంచెకు నీలిమందు పెట్టి ఉండొద్దు, గదంతా నీలంగా తిరుగుతుంది. తెర ఒకటి నుంచి ఒకటిన్నర స్టాప్ తగ్గిస్తుంది, పంచె నేతను బట్టి మారుతుంది. అందుకని కట్టాకే ఎక్స్‌పోజర్ (ఫొటోకు ఎంత వెలుతురు కావాలో) కొలవాలి, గ్రే కార్డుతో, అంటే రంగులేని బూడిద అట్టతో, వైట్ బ్యాలెన్స్ కూడా అప్పుడే. ట్యూబులైట్లు ఆర్పాలి. 6500 కెల్విన్ ట్యూబు, పక్కన 3000 కెల్విన్ బల్బు, బయటి వెలుతురు, ఈ మూడూ కలిస్తే ఏ సాఫ్ట్‌వేరూ విడదీయదు.

షాబాదు బండలు, సున్నం గోడలున్న పాత పెంకుటిళ్లల్లో నలుపు ఊసే అక్కర్లేదు. ఆ బూడిద రంగు బండ వెలుతురుకు రంగు కలపదు. నడిమి వాకిట్లోంచి దిగే వెలుతురు దర్వాజ దాటి లోపలి అర్రలోకి పోయేసరికి బాగా పడిపోతుంది కాబట్టి అక్కడ తెల్ల ముఖాన్ని నేల మీద పడుకోబెట్టాలి, ఫ్రేములోకి రానీయకుండా.

సామాను సర్దడంలో రిఫ్లెక్టర్‌తో ముడిపడిన విషయం ఒకటే. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దరీ (నేసిన జంపఖానా) లాంటిది పరిస్తే నేత కనబడాలి. కిటికీ వెలుతురు పక్కనుంచి రాసుకుంటూ పోతేనే నేత తేలుతుంది. ఎదురుగా తెలుపు పెట్టి నీడ నింపారా, దరీ ప్లాస్టిక్ చాపైపోతుంది. చారలు ఫ్రేము అడుగుకు సమాంతరంగా ఉండాలి, లెన్స్ 24 మిల్లీమీటర్ల కన్నా వెడల్పుకు పోకుండా చూసుకోవాలి, కెమెరా నాలుగడుగుల ఎత్తులో లెవెల్‌గా ఉండాలి. క్యాలెండరు, చార్జరు, రిమోటు తీసేయండి. గడప పసుపును మాత్రం తుడవొద్దు.

పాడయ్యేవి: మొదట పోయేది జిప్పు. కవరు తిప్పేటప్పుడు మూల దగ్గర బలంగా లాగితే పళ్లు తప్పుతాయి. తర్వాత అంచు కుట్టు. వేసవిలో కారు డిక్కీలో వదిలేస్తే గుడ్డ ముడతలు పోవు. నల్ల ముఖం కూడా కొన్నాళ్లకు రాపిడితో నిగనిగలాడుతుంది, అప్పుడు కొంచెం వెలుతురు వెనక్కి కొడుతుంది. దాని మీద నల్ల వెల్వెట్ గుడ్డ క్లిప్పులతో వేస్తే కొత్తదానికన్నా బాగా పనిచేస్తుంది. మడిచేటప్పుడు మోకాలికి ఆనించి వంచొద్దు. చట్రం ఒక్కసారి సొట్ట పడితే ఇక నిటారుగా నిలవదు. అటూ ఇటూ పట్టుకొని, ఒక అరచెయ్యి పైకి, ఒకటి కిందికి తిప్పుతూ చేతులు దగ్గరికి తేవాలి.

ఒంటరిగా పనిచేసేవాళ్లకు స్టాండు, పట్టే చెయ్యి విడిగా కొనాల్సిందే. లేకుంటే కుర్చీకి ఆనించడమే, ఏ గాలి వచ్చినా పడిపోతుంది. ఆ ఖర్చు వద్దనుకుంటే పుస్తకాల షాపులో దొరికే దళసరి థర్మోకోల్ షీటుకు ఒక వైపు మెరుపు లేని నల్ల రంగు వేస్తే నలుపు, తెలుపు పనులు రెండూ అయిపోతాయి, దానంతటదే నిలబడుతుంది కూడా. బస్సులో తీసుకెళ్లలేం, అంతే. హాలుకు, పడకగదికి 110 సైజు సరిపోతుంది. ఇరుకు వంటగదికి 80 సెంటీమీటర్లది చాలు, పెద్దది గట్టుకూ అలమారకూ మధ్య ఇమడదు.