ఇంగ్లీష్-గ్రీక్ డిక్షనరీ యాప్: ఎనిమిది నెలలు వాడాక మూడు స్టార్లు

యాప్ పేరు చెప్పట్లేదండి, నేను చూసినంతలో ఈ రకం యాప్‌లు ఇంచుమించు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి కాబట్టి మీరు ఏది పెట్టుకున్నా ఈ గొడవ మీకూ తగలొచ్చు. గ్రీక్ నేర్చుకోవడం మొదలుపెట్టి రెండేళ్లయింది, ఆ ధైర్యంతో తెలిసినవాళ్ల షాపింగ్ వెబ్‌సైట్‌లో బటన్లు, చిన్న చిన్న మెసేజ్‌లు ఇంగ్లీష్ నుంచి గ్రీక్‌లోకి మార్చి పెడతానని ఒప్పేసుకున్నా. ఆర్డర్, సేవ్, ఫ్రీ, టైమ్, ఇలాంటివే కదా, జేబులో డిక్షనరీ ఉంది కదా అనుకున్నా.

మొదటి దెబ్బ ఆర్డర్ దగ్గరే. యాప్‌లో కొడితే నాలుగు మాటలు వచ్చాయి, పైన ఉన్నది దియతయీ. సరే అని అదే పెట్టేశా. మా గ్రీక్ టీచరమ్మ చూసి నవ్వు ఆపుకోలేకపోయింది, ఎందుకంటే దియతయీ అంటే పైవాళ్లు కిందవాళ్లకి ఇచ్చే ఆజ్ఞ, అంటే "మీ ఆర్డర్ బయల్దేరింది" అనే మెసేజ్ కాస్తా "మీ ఆజ్ఞ బయల్దేరింది" అయ్యింది. కొనుక్కునే ఆర్డర్‌కి వాళ్ల మాట పరంగెలీయా. వరసకి సిరా, మనకి సిరా అంటే ఇంకు గుర్తొస్తుంది అది వేరే సంగతి. పద్ధతిగా సర్ది ఉండటానికి తాక్సి, క్లాసురూమ్‌కి కూడా అదే మాట, అందులో మొదటి అక్షరాన్ని ఒత్తి పలకాలి, చివర ఒత్తితే రోడ్డు మీద తిరిగే టాక్సీ అయిపోతుంది. ఈ నాలుగూ యాప్‌లో ఉన్నాయి, కాదనను. కానీ ఏది ఎక్కడ వాడాలో ఒక్క ముక్క రాసి ఉంటే ఒట్టు. ఒకటి రెండు మూడు నాలుగు అని నంబర్లు, అంతే.

తర్వాత లైట్. కలర్ల పేజీలో లైట్ బ్లూ, బ్యాగుల పేజీలో లైట్ వెయిట్, ఇంకోచోట దీపాల సెక్షన్. యాప్ పైన చూపించింది అనిఖ్తోస్, అసలు అర్థం తెరిచి ఉన్నది అని, గ్రీకులు లేత రంగుని తెరిచిన రంగు అంటారు, అది నాకు భలే నచ్చింది. కానీ బ్యాగు తేలిగ్గా ఉంటే ఎలఫ్రీస్, వెలుతురు అయితే ఫోస్. ఈసారి కొంచెం బుద్ధొచ్చింది కాబట్టి ముందే అడిగి తెలుసుకున్నా, లేకపోతే బ్యాగులన్నీ జిప్పులు తెరిచే అమ్ముతున్నాం అన్నట్టు ఉండేది.

అసలు గుట్టు బయటపడింది టైమ్ దగ్గర. డెలివరీ టైమ్ అని పెట్టాలి. యాప్ ఇచ్చిన వరస కెరోస్, ఫొరా, ఖ్రోనోస్, ఓరా. కెరోస్ అంటే తగిన సమయం, అదను అనే అర్థం ఉంది, వాతావరణం అని కూడా అర్థం, మన కాలం అనే మాట వానాకాలం ఎండాకాలంలోకి పోయినట్టే. అదే పెట్టి ఉంటే డెలివరీ వాతావరణం అని చదువుకునేవాళ్లు. ఎన్నిసార్లు అనే సారికి ఫొరా, గడిచే కాలానికి ఖ్రోనోస్, నాకు కావాల్సింది ఇదే, గంటెంతయింది అని అడగడానికి ఓరా. రోజుకి పదిసార్లు వాడే ఓరా అట్టడుగున ఎందుకుందబ్బా అని ఆలోచిస్తే అప్పుడు వెలిగింది, గ్రీక్‌లో ఓరా మొదలయ్యేది ఒమేగాతో, ఒమేగా వాళ్ల 24 అక్షరాల్లో చివరిది! అంటే ఈ మహానుభావులు అర్థాల్ని వాడకాన్ని బట్టి కాకుండా అక్షరక్రమంలో పేర్చారన్నమాట. వెనక్కెళ్లి ఆర్డర్ చూశా, డెల్టా, పై, సిగ్మా, టౌ, అచ్చం అదే వరస. ఎనిమిది నెలలు మొదటి అర్థం అంటే ముఖ్యమైన అర్థం అనుకుంటూ బతికా నేను.

అది తెలిశాక యాప్ వేషాలన్నీ అర్థమైపోయాయి. బ్యాంక్ అని కొడితే ముందు ఓఖ్తి, అంటే ఏటి ఒడ్డు, ఆ తర్వాత గానీ త్రాపెజా రాదు. బ్యాంకుని త్రాపెజా అనడం ఎందుకంటే పాతకాలంలో ఆ మాటకి బల్ల అని అర్థం, డబ్బు మార్చేవాళ్లు బల్ల వేసుకుని కూర్చునేవాళ్లు, ఇప్పటికీ టేబుల్‌ని త్రాపేజీ అంటారు. ఓల్డ్ అని కొడితే ముందు యేరోస్, అది ముసలాయన్ని అనే మాట, వస్తువులకైతే పలియోస్. పాత ధర కొట్టేసి కొత్త ధర చూపించే చోట ముసలి ధర అని పడాల్సింది, తప్పింది. కొన్నిచోట్ల మాత్రం అదృష్టం కలిసొచ్చింది. ఫ్రీ డెలివరీకి దొరియాన్ ముందే వచ్చింది, రెండోదైన ఎలెఫ్థెరోస్ అంటే స్వేచ్ఛగా, ఖాళీగా ఉన్నది, పెళ్లికాని మనిషిని కూడా అలాగే అంటారు. సేవ్ బటన్‌కి వాళ్లు వాడే మాట అపొథికి అనే దాన్నుంచి వచ్చింది, అపొథికి అంటే గోదాము, ఫైల్ సేవ్ చేయడమంటే గోదాములో పడేయడమే, అదీ ఆల్ఫాతోనే మొదలవుతుంది కాబట్టి పైనే దొరికింది.

ఈ అక్షరక్రమం ఇంకో తమాషా చేస్తుంది. గ్రీకులకీ మనలాగే గ్రాంథికం వ్యావహారికం గొడవ పెద్దగానే నడిచింది, 1976లో గానీ జనం మాట్లాడే భాష అధికార భాష కాలేదు. పాత మాటలు కొన్ని ఇప్పటికీ బోర్డుల మీదా కాగితాల మీదా బతికే ఉన్నాయి. ఈ యాప్‌లో హౌస్ అంటే ముందు ఇకియా, తర్వాత స్పీతి. ఫిష్ అంటే ముందు ఇఖ్థీస్, తర్వాత ప్సారి. బ్రెడ్ అంటే ముందు ఆర్తోస్, తర్వాత ప్సొమీ. రెండోవే ఇళ్లల్లో అనే మాటలు. మొదటివి పట్టుకుని మాట్లాడితే మనింటికి ఎవరో వచ్చి "మీ గృహమున మత్స్యము కలదా" అని అడిగినట్టు ఉంటుంది.

మంచి కూడా చెప్పాలి కదా. నెట్ లేకపోయినా పనిచేస్తుంది, ఆడియో నిజంగా బావుంది. గ్రీక్‌లో ఒత్తి పలకడం చాలా ముఖ్యం, పోతె అని ముందు ఒత్తితే ఎప్పుడు అని, చివర ఒత్తితే ఎన్నడూ అని. మనకి ఎప్పుడు అన్నదాన్ని చివర సాగదీస్తే ఎప్పుడూ అయి అర్థం మారిపోదూ, దాదాపు అలాంటిదే. ఆడియోలో ఆ తేడా శుభ్రంగా వినిపిస్తుంది, కానీ సెర్చ్ బాక్స్ మాత్రం ఒత్తు గుర్తుని పట్టించుకోదు, రెంటినీ కలిపి ఒకే కుప్పలో పోస్తుంది. 1982 నుంచి వాళ్లకి ఒక్కటే ఒత్తు గుర్తు, ఆ ఒక్కటి కూడా చూడలేకపోతే ఎలా. ఉదాహరణ వాక్యాలు కొన్నిటికే ఉన్నాయి, అవీ ప్రశ్నలైతే చివర సెమికోలన్ ఉంటుంది, వాక్యం సగంలో తెగిపోయిందని చాన్నాళ్లు అనుకున్నా, తీరా చూస్తే గ్రీక్‌లో ప్రశ్నార్థకమే అదట.

తెగిపోయిందనుకున్నది సరిగ్గా ఉన్నట్టే, ఇంకోటి బగ్ అనుకుని ఏకంగా యాప్‌వాళ్లకి కంప్లయింట్ రాసి పరువు పోగొట్టుకున్నా. లెగ్ అని కొట్టినా ఫుట్ అని కొట్టినా పోధి అనే వస్తోంది, హ్యాండ్‌కీ ఆర్మ్‌కీ హేరి ఒక్కటే, ఫింగర్‌కీ టో కీ ధాఖ్తిలో ఒక్కటే. రాసి పంపేశాక వెలిగింది, మనకి మాత్రం రెండెక్కడున్నాయి, కాలు, చెయ్యి, వేలు, అంతే కదా! అక్కడ విడగొట్టి కూర్చున్నది ఇంగ్లీషే. కోస్మోస్ కూడా అంతే, ప్రపంచం అనీ జనం అనీ రెండూ, లోకం ఏమనుకుంటుందో అని మనం అనే లోకం లాగే.

అప్పటినుంచి నా పద్ధతి మార్చా. ఇంగ్లీష్ మాట కొట్టే ముందు ఇక్కడ దీన్ని తెలుగులో ఏమంటాను అని ఒకసారి అనుకుంటా. స్ప్రింగ్ వసంతమా, ఊటా, గడియారంలో చుట్టా? వసంతమైతే ఆనిక్సి, ఊట అయితే పిగీ, చుట్ట అయితే ఎలతీరియో. రైట్ కుడా, ఒప్పా, హక్కా? వరసగా దెక్సియా, సొస్తోస్, దికేయొమా. తర్వాత యాప్‌లో దొరికిన గ్రీక్ మాటని తిప్పి గ్రీక్ నుంచి ఇంగ్లీష్‌కి వెతుకుతా, తేడా ఉంటే అక్కడ దొరికిపోతుంది. ఇంకా అనుమానముంటే థెస్సలొనీకి అరిస్టాటిల్ యూనివర్సిటీ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1998లో తెచ్చిన పెద్ద గ్రీక్-గ్రీక్ నిఘంటువు నెట్‌లో ఉచితంగా ఉంది, చదవడం కష్టమే గానీ ఒక్కో అర్థానికి వాడుక చూపిస్తుంది. యాప్‌వాళ్లు ఒక్కో మాట పక్కన అది కొనుగోలుకా, సైన్యానికా, వరసకా అని చిన్న ముక్క రాసినా నాకు ఇదంతా ఉండేది కాదు. అందుకే రెండు స్టార్లు కట్. మొదటి ఏడాది నేర్చుకునేవాళ్లు దీన్ని ఒంటరిగా నమ్ముకోవద్దు, కాస్త వచ్చినవాళ్లకి గుర్తు చేసుకోడానికి పర్లేదు.

వాడుక చూపించకపోతే ఏమవుతుందో పోయిన నెలలో ఇంకోసారి తెలిసొచ్చింది. సెలవులకి క్లాసులు ఆపేశారు, టీచరమ్మకి మిస్ అవుతున్నా అని మెసేజ్ పెడదామనిపించింది. మిస్ కొడితే పైన దెస్పినీస్, అంటే కుమారి, దాన్ని దాటేశా, తెలివొచ్చింది కదా. రెండోది లీపో, మూడోది హానో, బస్సు మిస్సయితే హానో అని తెలుసు కాబట్టి లీపో సరైనదే అని నేనుగా నిర్ధారణ చేసుకుని అదొక్కటే పెట్టా. తీరా చూస్తే గ్రీక్‌లో నేను మిస్ అవ్వను, ఎదుటివాళ్లే నాకు లేకుండా పోతారు, ము లీపిస్ అనాలి, అచ్చం మనం నాకు నచ్చింది, నాకు గుర్తొచ్చింది అన్నట్టు నాకు అనే ముందుండాలి. ఉత్త లీపో అంటే నేను ఇక్కడ లేను, బయటికెళ్లాను అని. ఆవిడ పాపం వెంటనే జవాబిచ్చింది, "పోతె థా ఎర్థిస్" అని, చివర సెమికోలన్‌తో. ఎప్పుడొస్తావ్ అని.